ఎయిర్ పిస్టల్‌కి కొత్త గ్రిప్ వేశారా? పోటీకి ముందు కొలతల పరిశీలన చేయించుకునే విధానం

నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ పోటీలకు వెళ్లే పిల్లల తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. ఎంట్రీ ఫారం నింపడం, ఫీజు కట్టడం అందరికీ తెలిసిన పనే. పిస్టల్‌ని ఎక్విప్‌మెంట్ కంట్రోల్ టేబుల్ దగ్గర చూపించి సరే అనిపించుకోవాలన్న సంగతి మాత్రం చాలామందికి రేంజ్‌లో అడుగుపెట్టాకే తెలుస్తుంది. నాకూ అలాగే తెలిసింది.

మా అమ్మాయి చెయ్యి చిన్నది. పిస్టల్‌తో వచ్చిన గ్రిప్, అంటే చేత్తో పట్టుకునే పిడి, పట్టు కుదరడం లేదని వేరే తయారీదారు చేసిన వాల్‌నట్ చెక్క గ్రిప్ తెప్పించాం. డబ్బా మీద ‘స్టాండర్డ్ సైజ్’ అనే ఉంది. స్క్రూ బిగిస్తే చక్కగా కూర్చుంది కూడా. తీరా పోటీ ముందు రోజు పిస్టల్ పూర్తిగా పట్టాల్సిన కొలత పెట్టెలో పెడితే పిస్టల్ సగం దిగి ఆగిపోయింది. అరచేతి కింద ఆనుకునే చెక్క అంచు, దాన్నే కోచ్‌లు పామ్ షెల్ఫ్ అంటారు, పెట్టె గోడకు తగులుతోంది. సన్నటి కొలతలు తీసే వెర్నియర్ పనిముట్టుతో కొలిస్తే అడ్డంగా 52 మిల్లీమీటర్లు. ఉండాల్సింది 50. ఎవరో గరుకు కాగితం ఇస్తే వరండాలో కూర్చుని ముప్పావు గంట అరగదీశాం. ఆ టెన్షన్‌లో ప్రాక్టీస్ టైమంతా పోయింది.

అప్పుడు బుర్రకెక్కిన విషయం ఒకటే. విడిభాగం మీద ఉండే ‘స్టాండర్డ్’ అన్న మాటకు అర్థం అది ఫలానా మోడల్‌కి అతుకుతుందని మాత్రమే. పోటీ నియమాలకు నిలుస్తుందని కాదు. నియమం చూసేది భాగాన్ని కాదు, అన్నీ బిగించిన మొత్తం పిస్టల్‌ని.

ఎవరి దగ్గర, ఏం కావాలి

మన దేశంలో ఈ క్రీడను చూసేది 1951లో పెట్టిన నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా, అంటే ఎన్‌ఆర్‌ఏఐ. దాని కింద రాష్ట్ర సంఘాలు, వాటి కింద జిల్లా సంఘాలు, క్లబ్బులు ఉంటాయి. కొలతల నియమాలు మాత్రం అంతర్జాతీయ షూటింగ్ సంస్థ ఐఎస్‌ఎస్‌ఎఫ్‌వి. నెల్లూరులో అయినా పారిస్‌లో అయినా పెట్టె సైజు ఒకటే.

ముందు క్లబ్బు ద్వారా రాష్ట్ర సంఘంలో పేరు నమోదు చేయించి షూటర్ ఐడీ తెచ్చుకోవాలి. ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్, ఫొటోలు సాధారణంగా అడుగుతారు. ఆధార్‌లో పేరు ఒకలా, టెన్త్ మెమోలో ఇంకోలా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. ఇంటిపేరు ముందు రాసినచోట ముందు, వెనక రాసినచోట వెనక అన్నట్టు ఉండే మన పేర్లతో ఆఖరి రోజు తిప్పలు ఎక్కువ.

పోటీ ప్రకటన వచ్చాక ఎంట్రీ వేస్తాం. ఆ ప్రకటనలోనే ఎక్విప్‌మెంట్ కంట్రోల్ ఏ రోజు, ఏ గంటల మధ్య, ఎక్కడ అన్నది ఉంటుంది. ఎక్కువమంది ఫీజు, ఆఖరి తేదీ చూసి మిగతాది వదిలేస్తారు. ఆ ఒక్క లైను కోసం ప్రకటన మొత్తం చదవాలి. పరిశీలనకు వెళ్లేటప్పుడు షూటర్ ఐడీ, ఎంట్రీ రసీదు, పిస్టల్ కొన్న బిల్లు పట్టుకెళ్లండి. పిస్టల్ తయారీ నంబరును ముందే ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే అక్కడ కళ్లు చికిలించి వెతుక్కునే పని ఉండదు.

వాళ్లు కొలిచేవి

మొదటిది పెట్టె. లోపలి కొలత 420 మిల్లీమీటర్ల పొడవు, 200 ఎత్తు, 50 వెడల్పు. పెట్టె తయారీలో ప్రతి వైపూ ఒక మిల్లీమీటరు దాకా ఎక్కువ ఉండొచ్చని నియమం. ఆ మిల్లీమీటరు మనదని లెక్కేసుకోకూడదు. అక్కడి పెట్టె సరిగ్గా 50 ఉంటే అడగడానికి మనకేమీ ఉండదు. మ్యాచ్ పిస్టళ్లు చాలావరకు ఫ్యాక్టరీ నుంచే పొడవు హద్దుకు దగ్గరగా వస్తాయి కాబట్టి గొట్టం ముందు అదనపు బరువు ముక్క బిగించేవాళ్లు చూసుకోవాలి. బయట కొన్న గ్రిప్పులు మాత్రం దెబ్బతినేది వెడల్పు దగ్గరే.

ఇంటి దగ్గరే ఈ పెట్టె చేయించుకోవచ్చు. వడ్రంగికి ప్లైవుడ్ ముక్కలిచ్చి లోపలి కొలత సరిగ్గా 420, 200, 50 రావాలని చెప్పండి. నేను చెబితే మా వీధి వడ్రంగి ‘ఏందన్నా, దేనికి ఇది?’ అని అడిగి, సంగతి విన్నాక వెడల్పు అర మిల్లీమీటరు తగ్గించి చేశాడు. ‘ఇందులో దూరిందంటే యాడైనా దూరుతుంది’ అన్నాడు. అంతకంటే మంచి సలహా నాకు ఇంకెవరూ ఇవ్వలేదు. చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు తెలిసుంటే వెర్నియర్‌తో ఒకసారి సరిచూపించుకోండి, వాళ్లకది రోజూ చేతిలో ఉండే పనిముట్టు.

ఇంకో సంగతి, చెక్క ఉబ్బుతుంది. మన కోస్తాలో తుఫాన్ల నెలల్లో గాలిలో తడి తెలిసిందే. వేసవిలో పెట్టెలో సులువుగా దిగిన గ్రిప్ నవంబరులో పట్టేయొచ్చు. అరగదీసినచోట నూనె పట్టించకుండా పచ్చి చెక్కలా వదిలేస్తే మరీను.

గ్రిప్ ఆకారానికీ హద్దులున్నాయి. చేతిని దాటి ముంజేతికి ఆనుకునేలా ఏ భాగమూ ఉండకూడదు, మణికట్టు విడిగా కనపడాలి. పామ్ షెల్ఫ్ గ్రిప్‌తో చేసే కోణం 90 డిగ్రీలకు తగ్గకూడదు. చేతిని పైకి చుట్టేసేలా వంపు పెట్టించుకుంటే అక్కడే ఆపేస్తారు. ఇదే లెక్కన కాల్చే చేతికి వాచీ, కడియం కూడా పనికిరావు. మొక్కు దారాలు మణికట్టు నిండా కట్టుకునే పిల్లలుంటే ముందే కోచ్‌ని అడగండి.

బరువు హద్దు 1500 గ్రాములు. మామూలు మ్యాచ్ పిస్టల్ కిలో అటూ ఇటూ ఉంటుంది కాబట్టి దీని గురించి బెంగ అక్కర్లేదు. గురి చూసుకునే సైట్ల విషయంలో తెరిచి ఉండే మామూలు ఇనుప సైట్లే. మెరిసే ఫైబర్ ముక్కలున్నవి, లేజర్లు, అద్దాలు ఉన్నవి ఆన్‌లైన్‌లో ఎంత చవకగా దొరికినా కొనకండి. గాలి సిలిండర్ మీద తేదీ ముద్రించి ఉంటుంది. పదేళ్లు దాటితే దాన్ని వాడకూడదు, చూసుకోవాల్సింది మనమే.

500 గ్రాముల గొడవ

అసలు ఇబ్బంది ట్రిగ్గర్‌ది. ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువుని మోయాలి. పిస్టల్‌ని గొట్టం నిలువుగా ఉండేలా పట్టి, బల్ల మీద ఉన్న తూకాన్ని ట్రిగ్గర్ మధ్యలో తగిలించి, మెల్లగా పైకెత్తుతారు. తూకం బల్ల నుంచి లేవాలి, ట్రిగ్గర్ మాత్రం వదలకూడదు. మూడు అవకాశాలిస్తారు. గాలి ఎక్కించిన స్థితిలోనే చూస్తారు, కాబట్టి ఖాళీ సిలిండర్‌తో వెళ్లకండి. తూకానికి ఉండే కొక్కెం అంచు కత్తివాదరలా ఉంటుంది. చక్రం ఉన్నది పనికిరాదు, స్ప్రింగు ఉన్నది అసలే పనికిరాదు. చేపల మార్కెట్లో వేలాడదీసే స్ప్రింగు కాటాతో ఇంట్లో చూసుకుని ‘500 వచ్చింది’ అనుకుంటే మోసపోతాం.

నేను మొదట కిరాణా కొట్లో వాడే అరకిలో తూకపురాయి కొన్నాను. అనుమానం వచ్చి నెల్లూరు చిన్నబజారులో తెలిసిన బంగారం కొట్టుకి తీసుకెళ్లి కాటా మీద పెడితే 496 చూపించింది. అంటే ఇంట్లో పాసైన ట్రిగ్గర్ అక్కడ ఫెయిలవడానికి నాలుగు గ్రాములు చాలు. కొట్లో ఆచారి నవ్వి, సైకిల్ చువ్వ ముక్కని కొక్కెంలా వంచి, చివర కొంచెం కొంచెం కత్తిరిస్తూ రాయితో కలిపి సరిగ్గా 500కి తెచ్చాడు. ఇప్పటికీ మా ఇంటి తూకం అదే. మీరు కొనేటప్పుడు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న రాయే కొనండి. వ్యాపారంలో వాడే రాళ్లకు రెండేళ్లకోసారి మళ్లీ ముద్ర వేయించాలి, పాత రాయి అయితే ఆ తేదీ కూడా చూడండి.

బయట కొన్న ట్రిగ్గర్ బ్లేడు, అంటే వేలు ఆనించి నొక్కే ముక్క, వేసినవాళ్లు దీన్ని మళ్లీ మొదటి నుంచి సెట్ చేయాలి. బ్లేడు కాస్త ముందుకో కిందికో జరిగితే మీట పొడవు మారుతుంది, దాంతో స్క్రూ ముట్టుకోకపోయినా తూకం మారిపోతుంది. సరిగ్గా 500 దగ్గర ఆపకుండా పది, ఇరవై గ్రాములు ఎక్కువే ఉంచండి. ఆ ఇరవై గ్రాములతో స్కోరు తగ్గుతుందని పిల్లలు గునుస్తారు. గునవనివ్వండి.

పాసయ్యాక, ఫెయిలయ్యాక

పోటీకి ముందు చూపించినప్పుడు తేడా వస్తే శిక్షేమీ లేదు. సరిచేసుకుని సమయం ముగిసేలోగా మళ్లీ తీసుకెళ్లొచ్చు. అందుకే మొదటి గంటలోనే వరుసలో ఉండాలి. సరే అన్నాక పిస్టల్‌కి స్టిక్కరో గుర్తో వేస్తారు, వివరాలు రాసుకుంటారు. ఆ ఆమోదం ఆ ఒక్క పోటీకే. గుర్తు పడ్డాక ఒక్క స్క్రూ తిప్పినా మళ్లీ చూపించాలి.

ముందు చూపించుకోకుండా నేరుగా కాల్చేద్దాం అనుకునేవాళ్లుంటారు. మ్యాచ్ అయ్యాక కొందరిని చీటీ తీసినట్టు పిలిచి ట్రిగ్గర్ తూస్తారు. అక్కడ తప్పితే హెచ్చరిక ఉండదు, నేరుగా డిస్‌క్వాలిఫై. 60 షాట్లు, 75 నిమిషాల కష్టం పోతుంది.

విడిభాగాల విషయంలో నా మాట ఇది. కొత్త భాగం పోటీకి కనీసం నెల ముందు బిగించండి, తీసేసిన పాత భాగాన్ని పెట్టెలో పెట్టి వెంట తీసుకెళ్లండి. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో మన షూటర్ మను భాకర్ పిస్టల్ కాకింగ్ లివర్, అంటే పిస్టల్‌ని కాల్పుకి సిద్ధం చేసే మీట, మ్యాచ్ మధ్యలో విరిగింది. బాగుచేయించుకుని వచ్చేసరికి విలువైన నిమిషాలు పోయాయి, 575తో 12వ స్థానంలో ఆగి ఫైనల్‌కి చేరలేదు. మూడేళ్ల తర్వాత పారిస్‌లో అదే ఈవెంట్‌లో కాంస్యం తెచ్చుకుంది. అంత పెద్ద స్థాయిలోనూ ఇనుప ముక్క ఇనుప ముక్కే.

లైసెన్సు సంగతి

4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), 20 జౌళ్లు మించని శక్తి ఉన్న ఎయిర్ పిస్టల్‌కి 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అందుకే గ్రిప్, ట్రిగ్గర్ మార్చుకోవడం మన చేతిలో పని. పిల్లలు పెద్దయి తూటాలు కాల్చే .22 స్పోర్ట్ పిస్టల్‌కి మారితే లెక్క పూర్తిగా వేరు. 1959 ఆయుధాల చట్టం ‘ఆయుధం’ అన్న మాటలోనే దాని భాగాలనూ కలిపేసింది. విదేశీ వెబ్‌సైటులో చూసి కొరియర్‌లో ఏదైనా భాగం తెప్పిస్తే అది ఆయుధాన్ని దిగుమతి చేసుకోవడం కిందికే వస్తుంది. బాగుచేయడం కూడా లైసెన్సున్న గన్‌స్మిత్ చేయాల్సిందే, ఆటోనగర్ లేత్ మిషన్ మీద కాదు. గొట్టం పొట్టి చేయడమైతే విడిగా నేరం. ఇలాంటి లైసెన్సు దరఖాస్తులు మన జిల్లాల్లో కలెక్టరు దగ్గరికి వెళ్తాయి. కొలత పెట్టె కూడా మారుతుంది. 25 మీటర్ల పిస్టల్‌కి 300, 150, 50 మిల్లీమీటర్లు, ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాములు.

ప్రయాణంలో పిస్టల్ ఖాళీగా, తాళం వేసిన కేసులో ఉండాలి. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ వెళ్తుంటే ఒకసారి రైల్వే పోలీసు కేసు తెరిచి చూపించమన్నాడు. బిల్లు, షూటర్ ఐడీ, ఎంట్రీ రసీదు చూసి, ‘ఎంత దూరం నుంచి కొడతావమ్మా?’ అని అమ్మాయిని అడిగాడు. పది మీటర్లంటే ‘అంతేనా’ అని వెళ్లిపోయాడు. ఆ మూడు కాగితాలు కేసు మూతలోనే ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి ఉంచుతాం, తీయడం మర్చిపోయే పని లేకుండా.