క్రూజ్ క్యాబిన్‌లో వచ్చే చిక్కులు: ఏది ఎందుకు వస్తుంది, ఏం చెయ్యాలి

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు నుంచి క్రూజ్‌కి బయల్దేరేవాళ్ళు విశాఖలోనో చెన్నైలోనో ఓడ ఎక్కుతారు. చిలికా సరస్సులో మోటారు పడవ ఎక్కిన అనుభవం ఇక్కడ అక్కరకు రాదు, హోటల్ గది అనుభవం అంతకంటే రాదు. క్యాబిన్ అంటే ఉక్కు గోడల పెట్టె. దానికొచ్చే గాలి, నీళ్ళు, కరెంటు, పోయే మురుగు అన్నీ ఓడ మొత్తానికి కలిపి ఉన్న ఏర్పాట్లే. కాబట్టి సగం ఇబ్బందులు టికెట్ కొన్న రోజే ఖాయమైపోతాయి. మిగతా సగం మొదటి సాయంత్రమే చెబితే తీరతాయి, మూడో రోజు చెబితే తీరవు.

గది మరీ ఇరుకుగా ఉంది

కిటికీ లేని ఇన్‌సైడ్ క్యాబిన్ చాలా ఓడల్లో బాత్‌రూంతో కలిపి 130 నుంచి 180 చదరపు అడుగులు. పాత ఓడల్లో ఇంకా తక్కువే. మన ఇళ్ళలో పదికి పన్నెండు పడకగది ఒక్కటే 120 అడుగులు కదా, దాంట్లోనే బాత్‌రూం, బీరువా, బల్ల కూడా సర్దారనుకోండి. బ్రోచర్‌లో ఫొటో వైడ్ లెన్స్‌తో తీస్తారు కాబట్టి ఫొటో చూడకండి, చదరపు అడుగులు అడగండి.

నలుగురికి ఒకే గది తీసుకుంటే ఇద్దరు గోడకో పైకప్పుకో మడిచి ఉండే పై బెర్తుల్లో పడుకోవాలి. నిచ్చెన నిటారుగా ఉంటుంది. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకూ చిన్నపిల్లలకూ అది పనికిరాదు. నలుగురికీ కలిపి ఒక బాల్కనీ గది ధర, ఎదురెదురుగా రెండు ఇన్‌సైడ్ గదుల ధర రెండూ అడిగి చూడండి. తేడా తక్కువైతే రెండు గదులే నయం, బాత్‌రూములు కూడా రెండొస్తాయి. డబుల్ బెడ్ అంటే రెండు సింగిల్ మంచాలు కలిపినదే. విడదీయమంటే గది చూసుకునే స్టీవార్డ్ విడదీస్తాడు, కాకపోతే ఎక్కిన వెంటనే చెప్పాలి. ఖాళీ సూట్‌కేసులు మంచం కిందికి తోసేస్తే నేల మిగులుతుంది.

కిటికీ ఉందన్నారు, తెర తీస్తే లైఫ్‌బోటు కనిపిస్తోంది

అడ్డు ఉన్న గదులు అదే తరగతిలో కాస్త తక్కువకి అమ్ముతారు. ఆ సంగతి బుకింగ్ పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ‘గ్యారంటీ క్యాబిన్’ కూడా ఇలాంటిదే. అక్కడ తరగతికి మాత్రమే హామీ, గది కంపెనీ ఇష్టం. రెండు కుటుంబాలు కలిసి వెళ్తూ గ్యారంటీ తీసుకుంటే ఒకరు ముందు కొసన, ఒకరు వెనక కొసన పడొచ్చు. ఓడ ఎక్కాక దీనికి మందు లేదు. పక్కపక్క గదులు కావాలంటే నంబరు ఎంచుకునే టికెట్టే కొనాలి.

రాత్రంతా చప్పుడు

ముందు ఆ చప్పుడు ఎక్కడిదో తేల్చుకోండి. పొద్దున్నే నెత్తిమీద కుర్చీలు ఈడ్చినట్టు వినిపిస్తే మీ పైన స్విమ్మింగ్ పూల్ డెక్కో (డెక్కు అంటే ఓడ అంతస్తు), బఫే హాలో ఉంది. అర్ధరాత్రి దాకా కింద దడదడలాడితే థియేటరో డాన్స్ హాలో. రేవు చేరే వేళ తెల్లవారుజామున నేల అదురుతూ గురగురమంటే అది త్రస్టర్, ఓడను పక్కకు జరిపే మోటారు. ముక్కు దగ్గరా వెనక కొసనా కింది డెక్కుల్లో ఉన్నవాళ్ళకు బాగా తెలుస్తుంది. ఈ మూడింటికీ గది మారడం తప్ప వేరే దారి లేదు, ఓడ నిండితే అదీ కుదరదు. అందుకే టికెట్ కొనేముందు డెక్ ప్లాన్ తెరిచి, మీ గదికి సరిగ్గా పైన ఏముందో, సరిగ్గా కింద ఏముందో చూడాలి. పైనా కిందా గదులే ఉన్న డెక్కు ఎంచుకోవాలి. లిఫ్టులకు మరీ ఆనుకున్న గదినీ, పక్క గదిలోకి తలుపున్న కనెక్టింగ్ గదినీ వదిలేయండి. ఆ తలుపు సందులోంచి పక్కవాళ్ళ టీవీ మాట మాటా వినిపిస్తుంది.

గదిలోంచే కిర్రు కిర్రుమంటే సంగతి వేరు. ఓడ ఊగినప్పుడు గోడ పలకల అతుకులు ఒకదానికొకటి రాసుకుంటాయి. లైటు తీసి, అరచేత్తో ఒక్కో అతుకునీ నొక్కుతూ పోండి. ఎక్కడ నొక్కితే చప్పుడు ఆగిందో అక్కడ అట్టముక్క మడిచి దోపండి. టక్‌టక్‌మంటే బీరువాలో హ్యాంగర్లు. వాటిని తీసి పరుపు కింద పెట్టేయండి. దొర్లే చప్పుడైతే సొరుగులో సీసా ఉండుంటుంది, దాన్ని తువ్వాల్లో చుట్టండి.

కళ్ళు తిరుగుతున్నాయి, వాంతి వచ్చేలా ఉంది

చెవి లోపలి భాగం కదులుతున్నామంటుంది, గది గోడలు చూసే కన్ను కదలడం లేదంటుంది. ఈ రెండూ పొసగక కడుపులో తిప్పుతుంది. ఊపు మధ్యభాగంలో, కింది డెక్కుల్లో తక్కువ. కొసలకూ పైకీ పోయేకొద్దీ ఎక్కువ. ఖరీదైన గదులు చాలావరకు పైనే ఉంటాయి కాబట్టి డబ్బు ఎక్కువ పెడితే ఊపు తగ్గుతుందనుకోకండి. ఓడ రెక్కల్లాంటి స్టెబిలైజర్లు పక్కలకు దొర్లడాన్ని తగ్గిస్తాయి గానీ ముక్కు ఎత్తి దించే కదలికను పెద్దగా ఆపలేవు.

వాంతి మొదలయ్యాక వేసుకున్న మాత్ర కడుపులో నిలవదు. అవోమిన్ లాంటిది ప్రయాణానికి ముందే వేసుకోవాలి. అది మత్తు తెస్తుంది. గ్లాకోమా, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నవాళ్ళు, రోజూ వేరే మందులు వాడేవాళ్ళు బయల్దేరే ముందే డాక్టర్ని అడిగి తెచ్చుకోండి. మొదలైపోతే బయటి డెక్కు మీదికి వెళ్ళి దూరంగా నీళ్ళూ ఆకాశం కలిసే గీతను చూస్తూ నిలబడండి. వెళ్ళలేకపోతే కళ్ళు మూసుకుని వెల్లకిలా పడుకోండి. ఫోను చూడకండి. ఖాళీ కడుపూ మంచిది కాదు, నూనె వంటలూ మంచివి కావు, పొడి బిస్కెట్లు నయం. ఓడలో డాక్టరు ఉంటాడు, ఇంజక్షన్ ఇస్తాడు, బిల్లు విడిగా వేస్తాడు.

ఇక నెల సంగతి. ఫైలిన్ 2013లో, హుద్‌హుద్ 2014లో, తిత్లీ 2018లో, మూడూ అక్టోబరు 11, 12 తేదీల్లోనే తీరం దాటాయని గంజాం, గజపతి జిల్లాల్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. బంగాళాఖాతంలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మళ్ళీ మే నెలలో తుపాన్ల కాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలికి అలలు పెద్దవి. మొదటిసారి వెళ్ళేవాళ్ళకు జనవరి, ఫిబ్రవరి, మార్చి హాయి. గోపాల్‌పూర్ తీరంలో వేటకెళ్ళే మన తెలుగు నోలియాలను అడిగితే ఎప్పుడు వెళ్ళకూడదో ఏజెంటు కంటే ముందు చెబుతారు.

ఫ్లష్ నొక్కితే పోవడం లేదు

ఓడ కమోడ్ నీటి బలంతో పనిచెయ్యదు. గొట్టంలో గాలి లేకుండా చేసి, ఆ పీల్పుతో మురుగును లాగుతారు. అందుకే ఒక్కసారికి లీటరు నీళ్ళు చాలు, అందుకే అంత పెద్ద చప్పుడు. మూత వేసి నొక్కితే చప్పుడూ తగ్గుతుంది, పిల్లలూ జడుసుకోరు.

గొట్టం సన్నం. వెట్ వైప్స్, శానిటరీ ప్యాడ్, పిల్లల డైపరు, దూది, మిగిలిన అన్నం, వీటిలో ఏది పడినా అడ్డుకుంటుంది. ఒకే గొట్టం మీద వరసగా చాలా గదులుంటాయి కాబట్టి ఒక్క గదిలో వేసిన ప్యాడ్‌తో వరసంతా ఆగిపోతుంది. ఆగితే మళ్ళీ మళ్ళీ నొక్కకండి, చెంబుతో నీళ్ళు పొయ్యకండి. ఐదు నిమిషాలు ఆగి ఒక్కసారి నొక్కండి. అప్పటికీ పోకపోతే గెస్ట్ సర్వీసెస్‌కు ఫోన్ చేసి, పక్కగదిలో పనిచేస్తోందో లేదో కూడా కనుక్కుని చెప్పండి. పక్కగదిలోనూ ఆగిందంటే తప్పు మీ కమోడ్‌ది కాదు, పెద్ద గొట్టానిది.

విదేశీ ఓడల్లో కమోడ్ పక్కన కడుక్కునే జెట్ చాలావాటిలో ఉండదు. చేతిలో పట్టే ప్లాస్టిక్ బిడే సీసా ఒకటి తీసుకెళ్ళండి. బకెట్ స్నానం మరిచిపోండి. బాత్‌రూం గడప ఎత్తుగా ఉండేది నీళ్ళు గదిలోకి రాకుండా. రాత్రి నిద్రమత్తులో బొటనవేలు తగిలేది దానికే. షవర్ తెర అంచు లోపలి వైపు ఉండేలా చూసుకోకపోతే కార్పెట్ తడుస్తుంది.

బాత్‌రూంలో మురుగు వాసన

ఎక్కువసార్లు కారణం చిన్నదే. నేల మీది జాలీ కింద వంపు గొట్టంలో నిలిచి ఉండే కాసిని నీళ్ళు ఎండిపోతాయి, దాంతో వాసన పైకి వస్తుంది. జాలీలో రెండు మూడు గ్లాసుల నీళ్ళు పోసి, సింక్ కుళాయి కూడా కొంచెంసేపు వదలండి. గంటలో పోవాలి. పోకపోతే ఫోన్ చేసి చెప్పాల్సిందే. అగరొత్తి మాత్రం వద్దు.

దేవుడి దీపం, కర్పూరం, కొవ్వొత్తి ఏదైనా క్యాబిన్‌లో నిషేధం. ఓడలో అన్నిటికంటే పెద్ద భయం నిప్పే, పొగ పసిగట్టే యంత్రం మంచం పైనే ఉంటుంది. బ్యాటరీ దీపం పెట్టుకోండి.

ప్లగ్గు పట్టడం లేదు, కెటిల్ లాక్కున్నారు

చాలా క్యాబిన్లలో బల్ల దగ్గర రెండు రకాల సాకెట్లుంటాయి: అమెరికా తరహా చదును కాళ్ళ 110 వోల్టులది, యూరప్ తరహా రెండు గుండ్రటి రంధ్రాల 220 వోల్టులది. మన సన్న రెండు కాళ్ళ ఫోన్ చార్జరు యూరప్ సాకెట్‌లో సాధారణంగా పడుతుంది. మూడు కాళ్ళ ప్లగ్గు పట్టదు, దానికి ఎడాప్టర్ కావాలి. చార్జరు మీద 100-240 అని ఉంటే రెండింటిలోనూ పనిచేస్తుంది.

సర్జ్ ప్రొటెక్టర్, అంటే కరెంటు ఒక్కసారిగా పెరిగితే కాపాడే భాగం, ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు తనిఖీలో ఆపేస్తారు. అది చాదస్తం కాదు. ఇంట్లో ఒక తీగ ఫేజు, రెండోది భూమికి కలిపిన న్యూట్రల్. ఓడలో సాధారణంగా రెండు తీగల్లో ఏదీ ఓడ ఉక్కుకు కలిపి ఉండదు. ఆ ఏర్పాటులో సర్జ్ బోర్డులోని భాగం వేడెక్కి అంటుకోవచ్చు. కెటిల్, ఇస్త్రీ పెట్టె, ఇమ్మర్షన్ రాడ్, ఇండక్షన్ పొయ్యి కూడా తనిఖీలో ఆపేస్తారు. పట్టుకుంటే రసీదిచ్చి, దిగేటప్పుడు తిరిగిస్తారు. నిద్రలో ఊపిరికి సాయపడే సీపాప్ యంత్రం వాడేవాళ్ళు బుకింగ్ అప్పుడే రాతపూర్వకంగా చెబితే తగిన తీగ కంపెనీయే ఇస్తుంది.

లైట్లే వెలగకపోతే తలుపు పక్కన గోడకున్న గాడిలో గది తాళం కార్డు పెట్టారా చూడండి.

ఏసీ చల్లబడదు, లేదా గోడల మీద నీళ్ళు

బాల్కనీ తలుపు తెరిచి పెట్టారు. చాలా ఓడల్లో ఆ తలుపు తీస్తే ఏసీ దానంతటదే ఆగుతుంది. ఆగనిచోట సముద్రపు తేమ గాలి చల్లటి గోడకు తగిలి నీరవుతుంది. తలుపు మూసి పిడి పూర్తిగా తిప్పి, పావుగంట ఆగండి. ఇంకో మాట: బాల్కనీ తలుపు తెరిచి ఉండగా గది తలుపు తీస్తే గాలి ఈడ్పుకి అది భళ్ళున మూసుకుంటుంది. పిల్లల వేళ్ళు నలిగేది అక్కడే. ఒకటి మూశాకే ఇంకోటి తియ్యాలి. చీరలు, తువ్వాళ్ళు బాల్కనీ కమ్మీ మీద ఆరేస్తే సముద్రం పాలే. షవర్‌లో లాగితే వచ్చే తాడు ఉంటుంది, దాని మీద ఆరేసుకోండి.

పగలో రాత్రో తెలియడం లేదు, గది ఎక్కడుందో తెలియడం లేదు

ఇన్‌సైడ్ గదిలో లైటు తీస్తే కటిక చీకటి. అలారం పెట్టుకోండి, చిన్న బ్యాటరీ లైటు బాత్‌రూం గడప దగ్గర ఉంచండి. కొన్ని ఓడల్లో టీవీలో ముందు కెమెరా చానల్ ఉంటుంది, అది పెడితే తెల్లవారిందో లేదో తెలుస్తుంది. వరండాలన్నీ ఒకేలా ఉంటాయి. కార్డు మీద చాలా కంపెనీలు గది నంబరు వెయ్యవు, పోయినా ఇంకొకరు తలుపు తెరవకూడదని. నంబరును ఫొటో తీసి పెట్టుకోండి. గోడలు ఉక్కువే కాబట్టి తలుపుకు ఒక అయస్కాంతం బొమ్మ అంటించినా సరిపోతుంది.

తలుపు వెనక మీ మస్టర్ స్టేషన్, అంటే ప్రమాదంలో చేరాల్సిన చోటు, రాసి ఉంటుంది. లైఫ్ జాకెట్లు బీరువాలో ఉన్నాయో, ఆ స్టేషన్లోనే ఇస్తారో మొదటి రోజే అడగండి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే సామాను వదిలేసి అక్కడికి వెళ్ళాలి.

ఫోన్ బిల్లు పేలింది

తీరం దాటాక ఫోను తనంతట ఓడలోని శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుంటుంది, దాని చార్జీలు మామూలు రోమింగ్ కంటే చాలా ఎక్కువ. ఓడ కదలగానే ఎయిర్‌ప్లేన్ మోడ్ వేసి, కావాలంటే వైఫై ఒక్కటే తెరవండి.

ఎక్కి గంటలైంది, పెద్ద సంచి రాలేదు

టెర్మినల్లో ఇచ్చిన సామాను తనిఖీ అయ్యాకే గదికి చేరుతుంది, రాత్రి భోజనం వేళ కూడా కావచ్చు. మందులు, కళ్ళజోడు, గుర్తింపు కార్డు, ఒక జత బట్టలు చేతిసంచిలోనే ఉండాలి. ఇంట్లో చేసిన పులిహోర, పచ్చళ్ళు చాలా కంపెనీలు రానివ్వవు, సంచి ఆగేది దానికే కావచ్చు. బరంపురం నుంచి అదే రోజు రైలు నమ్ముకుని విశాఖ టెర్మినల్‌కు బయల్దేరకండి. రైలు ఆలస్యమైతే ఓడ ఆగదు, ముందురోజే చేరుకోండి.

చివరి రాత్రి పెద్ద సంచుల్ని తలుపు బయట పెట్టమంటారు. మర్నాడు కట్టుకునే బట్టలు, చెప్పులు అందులో సర్దేస్తే రాత్రి దుస్తుల్లోనే దిగాలి. దిగేముందు సేఫ్, మంచం కింద, తలుపు వెనక కొక్కెం, షవర్ తాడు చూడండి. కెటిల్ ఇచ్చేసి ఉంటే ఆ రసీదు చేతిలో పెట్టుకోండి.