కట్టుడు పళ్ళకు పాచి పట్టకుండా: ఏ పదార్థాన్ని ఎలా శుభ్రం చేయాలి

కట్టుడు పళ్ళ సెట్టును చేతిలోకి తీసుకొని వేలితో తడిమి చూడండి. బుగ్గల వైపు నున్నగా ఉంటుంది. అంగిలికి ఆనుకొనే లోపలి వైపు మాత్రం గరుకుగా తగులుతుంది. నోటి అచ్చుకు సరిగ్గా అతకాలి కనుక ఆ వైపును పాలిష్ చేయరు. కాండిడా ఆల్బికాన్స్ అనే శిలీంధ్రం ఎక్కువగా చేరేది అక్కడే. లాలాజలం తగిలిన కొద్ది నిమిషాల్లోనే ఏ పదార్థం మీదనైనా ప్రోటీన్ల పలుచని పొర ఏర్పడుతుంది, దాన్ని పట్టుకొని సూక్ష్మజీవులు పాచిగా పెరుగుతాయి. గరుకుదనం సుమారు 0.2 మైక్రోమీటర్లు (మైక్రోమీటరు అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటితే పాచి మరింతగా పేరుకొంటుంది.

అందుచేత మీ సెట్టు దేనితో చేసినదో ముందుగా దంతవైద్యుణ్ణి అడగండి. చాలా సెట్లు అక్రిలిక్ అనే గులాబీ రంగు ప్లాస్టిక్‌వి. ఇది సహజమైన పంటికన్నా ఎంతో మెత్తనిది. పళ్ళపొడి, ఉప్పు, బొగ్గు, చివరికి మామూలు టూత్‌పేస్టు కూడా దానిపై సన్నని గీతలు పెడతాయి, ఆ గీతల్లోనే మళ్ళీ పాచి చేరుతుంది. పెద్దవాళ్ళు గట్టిగా రుద్దితేనే శుభ్రమని నమ్ముతారు, ఆ అలవాటును ఓపికగా మాన్పించాలి. మెత్తని బ్రష్షు, ఒక చుక్క ద్రవ సబ్బు, చల్లని నీరు చాలు. లోపలి వైపును మాత్రం మరింత శ్రద్ధగా తోమాలి. చేయి జారినా పగలకుండా కింద నీళ్ళున్న బేసిన్ పెట్టుకోండి. మరిగిన నీరు పోస్తే సెట్టు వంకరపోతుంది.

పూర్తిగా అక్రిలిక్‌తో చేసినదైతే, వైద్యుని సలహాతో 0.5 శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచులో ఉండే రసాయనం) ద్రావణంలో పది నిమిషాలకు మించకుండా నానబెట్టి, బాగా కడగవచ్చు. కోబాల్ట్-క్రోమియం చట్రం ఉన్నదానికి అది పనికిరాదు, లోహం తుప్పు పడుతుంది. చిగుళ్ళ నొప్పికి లోపల వేసే మెత్తని లైనింగులో శిలీంధ్రం తేలికగా చొరబడుతుంది కనుక దానిని వైద్యుడు చెప్పిన గడువుకు మార్పించాలి. విరిగిన చోట అప్పటికప్పుడు గట్టిపడే అక్రిలిక్‌తో అతికిస్తే అక్కడ సన్నని రంధ్రాలు మిగులుతాయి. బయటి వైపు అతుకును తప్పక పాలిష్ చేయించండి.

రాత్రి సెట్టు తీసి, నీళ్ళలో ఉంచి, ఆ నీటిని రోజూ మార్చండి. సెట్టు కింద అంగిలి ఎర్రబడితే, నొప్పి లేకపోయినా, వైద్యునికి చూపించండి. మధుమేహం ఉన్నవారు, ఆస్తమాకు స్టెరాయిడ్ ఇన్హేలర్ వాడేవారు దీన్ని అస్సలు వాయిదా వేయకూడదు. నోటిలోని శిలీంధ్రానికి మందు వాడే రోజుల్లో సెట్టునూ శుద్ధి చేయాలి. లేకుంటే దానిపై మిగిలిన శిలీంధ్రమే మళ్ళీ అంగిలికి అంటుకుంటుంది.