లినక్స్ కంప్యూటర్ ఉన్నట్టుండి నెమ్మదించిందా? కారణం ఇలా పట్టుకోండి

నిన్నటిదాకా చకచకా నడిచిన మెషీన్ ఇవాళ ఒక ఫోల్డర్ తెరవడానికే ఆపసోపాలు పడుతుంటే చాలామంది మొదట చేసేది రీస్టార్ట్. దానికీ లొంగకపోతే ఏకంగా ఓఎస్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. ఆ రెండిటి జోలికీ అప్పుడే పోవద్దు. రీస్టార్ట్ చేస్తే జాడ చెరిగిపోతుంది, రేపో ఎల్లుండో అదే గొడవ మళ్లీ మొదలవుతుంది. మెషీన్ నత్తనడక నడుస్తున్నప్పుడే లోపలికి చూడాలి. కమాండ్లను ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేయాలి. ఇక్కడ మాత్రం పలికే తీరులో రాస్తున్నాను.

1. ముందు టాప్ చూడండి

ఉబుంటు, మింట్‌లలో కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కితే టెర్మినల్ వస్తుంది. డెస్క్‌టాప్ బొత్తిగా బిగుసుకుపోతే కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కండి. నల్ల తెర వస్తుంది, అందులో లాగిన్ అవ్వచ్చు. డెస్క్‌టాప్‌కు తిరిగి రావడానికి డిస్ట్రోను (ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ రకాన్ని) బట్టి ఎఫ్1, ఎఫ్2, ఎఫ్7లలో ఏదో ఒకటి పనిచేస్తుంది.

టాప్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి. పై వరుసలో లోడ్ యావరేజ్ అని మూడు అంకెలుంటాయి. అవి గత 1, 5, 15 నిమిషాల సగటు. ఎన్‌ప్రాక్ అనే కమాండ్ మీ ప్రాసెసర్‌కు ఎన్ని కోర్లున్నాయో చెబుతుంది. కోర్లు 4 ఉండి లోడ్ 3 అయితే కంగారక్కర్లేదు. అదే 15 అయితే పనులు క్యూ కట్టాయన్నమాట.

ఇక్కడో మెలిక ఉంది. లినక్స్ ఈ లెక్కలో ప్రాసెసర్ కోసం ఆగిన పనులతో పాటు డిస్క్ జవాబు కోసం ఆగినవాటినీ కలుపుతుంది. అందుకే లోడ్ ఆకాశంలో ఉన్నా ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని ఉండొచ్చు. సంగతి తేల్చేది కొద్దిగా కిందున్న సీపీయూ వరుస. అందులో యూఎస్ అంటే మీ ప్రోగ్రాములు వాడుతున్న శాతం, ఐడీ అంటే ఖాళీ, డబ్ల్యూఏ అంటే డిస్క్ కోసం ఎదురుచూస్తూ గడిపిన శాతం. ఈ తెర మొత్తంలో అన్నిటికన్నా పనికొచ్చే అంకె డబ్ల్యూఏ అని నా అభిప్రాయం. విచిత్రంగా ఎవరూ చూడనిదీ అదే. యూఎస్ ఎక్కువుంటే రెండో మెట్టుకు వెళ్లండి. డబ్ల్యూఏ ఎక్కువుంటే మూడు, నాలుగు మీకోసమే.

2. ప్రాసెసర్‌ను తినేస్తున్నదెవరు?

టాప్ జాబితాలో అందరికంటే పైన ఉన్న పేరు చూడండి. నూటికి తొంభైసార్లు అది బ్రౌజరే. అయితే దాన్ని మొత్తంగా మూసేయక్కర్లేదు. క్రోమ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే ఏ ట్యాబ్ ఎంత వాడుతోందో కనిపిస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో మెనూలో టాస్క్ మేనేజర్ ఉంది.

ట్రాకర్, బలూ లాంటి పేర్లు కనిపిస్తే అవి మీ ఫైళ్లను వెతకడానికి జాబితా తయారుచేసుకుంటున్నాయి. కాసేపు వదిలేయండి, వాటంతటవే ఆగుతాయి. అప్‌డేట్లు నడుస్తుంటే మధ్యలో చంపొద్దు, ప్యాకేజీలు సగంలో ఆగిపోయి కొత్త తలనొప్పి వస్తుంది. నిజంగానే మొండికేసిన ప్రోగ్రాం అయితే టాప్‌లోనే కే నొక్కి, దాని పీఐడీ నంబర్ (వరుస మొదట్లో ఉన్న అంకె) ఇచ్చి, ఎంటర్ రెండుసార్లు కొట్టండి. దాంతో 15వ నంబర్ సిగ్నల్ వెళ్తుంది, అంటే మర్యాదగా బయటికి పొమ్మనడం. 9వ నంబర్ సిగ్నల్ మెడపట్టి గెంటడమే. సేవ్ చేయని పని పోతుంది కాబట్టి దాన్ని ఆఖరికి వాడండి.

గ్నోమ్ షెల్ లాంటి డెస్క్‌టాప్ ప్రోగ్రామే ఎక్కువ తింటుంటే అనుమానం గ్రాఫిక్స్ డ్రైవర్ మీదకు వెళ్లాలి. సెట్టింగ్స్‌లో సిస్టమ్ వివరాలు తెరవండి. గ్రాఫిక్స్ ఎదురుగా ఎల్‌ఎల్‌వీఎంపైప్ అని ఉంటే, గ్రాఫిక్స్ కార్డు చేయాల్సిన పనిని ప్రాసెసర్ మోస్తోందని అర్థం. కెర్నల్ (లినక్స్ మూలభాగం) అప్‌డేట్ తర్వాత ఎన్విడియా కార్డులతో ఇలా జరుగుతుంటుంది. డ్రైవర్ మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

3. మెమరీ సరిపోతోందా?

ఫ్రీ అని టైప్ చేసి, స్పేస్ ఇచ్చి, హైఫన్, హెచ్ కొట్టండి. ఫ్రీ అనే గడిలో అంకె మరీ చిన్నగా ఉందని టెన్షన్ పడొద్దు. ఊరికే పడి ఉన్న ర్యామ్‌ను లినక్స్ ఫైళ్లు దాచుకోవడానికి వాడుకుంటుంది, అడిగితే వెంటనే ఇచ్చేస్తుంది. చూడాల్సింది అవైలబుల్ గడి. అది కొన్ని వందల ఎంబీలకు పడిపోయి, స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్క్ స్థలం) నిండుతుంటే మెమరీ చాలడం లేదని అర్థం.

రూఢి చేసుకోవాలంటే వీఎంస్టాట్, స్పేస్, 1 అని కొట్టండి. సెకనుకో వరుస వస్తుంది. మొదటి వరుస బూట్ అయినప్పటి నుంచి సగటు, దాన్ని వదిలేయండి. తర్వాతి వరుసల్లో ఎస్ఐ, ఎస్ఓ గడులు సున్నా దగ్గర నిలవకుండా పెద్ద అంకెలు చూపిస్తుంటే, ర్యామ్‌లో పట్టని సరుకు డిస్క్‌కూ ర్యామ్‌కూ మధ్య తిరుగుతోంది. టాప్‌లో కేస్వాప్‌డీ0 పైకి రావడం కూడా దీని లక్షణమే. టాప్‌లో పెద్ద అక్షరం ఎం నొక్కితే మెమరీ ఎక్కువ వాడేవాళ్లు ముందుకొస్తారు.

స్వాప్‌ను ఎంత తొందరగా వాడాలో చెప్పే స్వాపీనెస్ సెట్టింగ్‌ను 60 నుంచి 10కి తగ్గించమని ఎవరో ఒకరు చెబుతారు. దాంతో కొత్త మెమరీ పుట్టదు. 4 జీబీ మెషీన్‌లో బ్రౌజర్, వీడియో కాల్, ఆఫీస్ ఫైళ్లు ఒకేసారి తెరిచేవారికి ర్యామ్ పెంచుకోవడమే అసలు మందు. ఆ వీలు లేకపోతే జడ్‌ర్యామ్ పెట్టుకోండి. ఇది మెమరీలోని కొంత భాగాన్ని కుదించి పెడుతుంది. ఫెడోరా 33 నుంచి వర్క్‌స్టేషన్‌లో ముందే అమర్చి వస్తోంది.

4. డిస్క్

డీఎఫ్, స్పేస్, హైఫన్, హెచ్. రూట్ విభాగం (చివరి గడిలో ఒక్క / గుర్తే ఉన్న వరుస) 95 శాతం దాటితే ఖాళీ చేయండి. ఉబుంటు, మింట్‌లలో సుడో ఆప్ట్ క్లీన్ (సుడో అంటే అడ్మిన్ అధికారంతో నడపమని) డౌన్‌లోడ్ చేసి దాచిన ప్యాకేజీ ఫైళ్లను తీసేస్తుంది. జర్నల్‌సీటీఎల్, స్పేస్, రెండు హైఫన్లు, డిస్క్, హైఫన్, యూసేజ్ అని కొడితే లాగ్‌లు ఎంత పేరుకున్నాయో తెలుస్తుంది.

స్థలం బోలెడు ఉండి, మెమరీ సరిపోయి, డబ్ల్యూఏ మాత్రం దిగిరాకపోతే సంగతి కాస్త గంభీరమైనదే. సుడో డీమెసేజ్ కొట్టండి (డీ, ఎం, ఈ, ఎస్, జీ అక్షరాలు). ఐ/ఓ ఎర్రర్ అని ఎరుపు వరుసలు కనిపిస్తే డిస్క్ చదవలేక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తోంది, మీరు చూస్తున్న నెమ్మది అదే. ఇక పరీక్షలు ఆపి ముందు ఫొటోలు, పత్రాలు వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. చావుబతుకుల్లో ఉన్న డిస్క్‌కు ప్రతి పరీక్షా అదనపు భారమే.

కాపీ అయ్యాకే స్మార్ట్‌మాన్‌టూల్స్ ప్యాకేజీ వేసుకుని స్మార్ట్‌సీటీఎల్‌తో డిస్క్ ఆరోగ్యం చూడండి. కరెంట్ పెండింగ్ సెక్టర్ వరుసలో చివరి అంకె సున్నా కాకపోతే కొత్త డిస్క్‌కు డబ్బు సిద్ధం చేసుకోండి. యూడీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ ఒక్కటే పెరుగుతుంటే మాత్రం మీ అదృష్టం, చాలాసార్లు అది సాటా కేబుల్ వదులై ఉండటమే.

డిస్క్ బాగానే ఉన్నా, అది తిరిగే పాత హార్డ్ డిస్క్ అయితే ఎస్ఎస్‌డీకి మారండి. పాత ల్యాప్‌టాప్ మీద పెట్టే ఖర్చుల్లో ఇంత ఫలితం ఇచ్చేది ఇంకోటి లేదు.

5. వేడి

లోడ్ మామూలుగానే ఉండి మెషీన్ మందగిస్తే ఎల్ఎం సెన్సర్స్ ప్యాకేజీ వేసి సెన్సర్స్ కమాండ్ కొట్టండి. ఉష్ణోగ్రత 90 డిగ్రీలు దాటుతుంటే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటూ ఉండొచ్చు. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టుకుని పనిచేసేవారికి ఇది కొత్త కాదు. ఫ్యాన్‌లో దుమ్ము తీయించండి, గాలి ఆడేలా బల్ల మీద పెట్టండి. పనిలో పనిగా పవర్ మోడ్ పవర్ సేవర్‌లో ఇరుక్కుందేమో చూడండి.

6. ఆన్ అవ్వడమే ఆలస్యమైతే

సిస్టమ్‌డీ, హైఫన్, అనలైజ్, స్పేస్, బ్లేమ్ అని కొడితే ఏ సర్వీస్ ఎంతసేపు తీసుకుందో వరసగా చూపిస్తుంది. అవన్నీ పక్కపక్కనే నడుస్తాయి కాబట్టి సెకన్లు కూడొద్దు. బూట్ ప్రతిసారీ సరిగ్గా నిమిషంన్నర ఆగుతుంటే బూట్‌లో ఏ డిస్కులు జోడించాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైల్ (ఈటీసీ ఫోల్డర్‌లో ఉంటుంది) చూడండి. ఎప్పుడో తీసేసిన డిస్క్ పేరు అందులో మిగిలిపోయి ఉంటుంది, సిస్టమ్ దానికోసం 90 సెకన్లు ఎదురుచూస్తుంది. ఆ వరుస ముందు హాష్ గుర్తు పెట్టి సేవ్ చేసి, ఇప్పుడు రీస్టార్ట్ చేయండి.