ముందు అద్దానికి రాయి తగిలితే: ఇంగ్లండు వెళ్తున్న మన పిల్లలకు

సంక్రాంతికి నేను శ్రీకాకుళం వచ్చి సంచి ఇంకా విప్పకముందే, సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ వెళ్లిన మా మేనల్లుడు ఒక ఫొటో పంపాడు. కారు ముందు అద్దానికి రాయి తగిలితే ఒక దుకాణం పార్కింగులో, సన్నటి జల్లు పడుతుండగానే, పది నిమిషాల్లో చవకగా బాగు చేయించానని గొప్పగా రాశాడు. ఫొటోలో ఆ చోట వెండి వెంట్రుకల్లా గీతలు మెరుస్తున్నాయి. అరిసెల పళ్లెం పక్కకు జరిపి, ఈ నెలలో మన వైపు నుంచి బయలుదేరుతున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. లైసెన్సు, ఇన్సూరెన్సు సంగతులు మీకు ఎవరో ఒకరు చెబుతారు కనుక వాటి జోలికి పోను.

ఇంగ్లండులో నా మొదటి చలికాలంలో నేనూ అచ్చంగా అలాగే వానలో బాగు చేయించుకున్నాను. మన వైపు మంచు అంటే తెల్లవారుజామున చేల మీద పరచుకునేదే కాని, అద్దం మీద గడ్డకట్టేది కాదు. ఒక ఉదయం పనికి ఆలస్యమవుతోందని కెటిల్‌లో కాగిన నీళ్లు తెచ్చి అద్దం మీద గుమ్మరించాను. కందిగింజంత దెబ్బ నా కళ్లెదుటే మూరెడు పగులై సాగింది. మరుగునీళ్లు పోసిన తెలివితక్కువతనం నాదే. తడి ఆరకుండానే పగులును మూసిన పనివాడికీ అందులో వాటా ఉంది.

ముందు అద్దంలో రెండు గాజు పలకలు, వాటి నడుమ పీవీబీ అనే ప్లాస్టిక్ పొర ఉంటాయి. చిన్న రాయి సాధారణంగా పై పలకనే దెబ్బతీస్తుంది. ఆ పగులులోని గాలిని లాగేసి, ఆ చోటును రెజిన్ అనే జిగురు ద్రవంతో నింపి, యూవీ (అతినీలలోహిత) దీపంతో గట్టిపరచడమే మరమ్మతు. లోపల నీరుంటే రెజిన్ గాజును పట్టుకోదు. పైగా దీపం పెట్టాక ఆ నీరు లోపలే బందీ అవుతుంది, గడ్డకట్టినప్పుడు ఉబ్బుతుంది. అందుకే పనివాడిని రెజిన్ పోశాక కాదు, పోయకముందు గమనించండి. మంచివాడు వదులైన గాజుపొడిని సూదిమొనతో తీసి, గోరువెచ్చని వేడితో తడి ఆర్పి, అద్దం మామూలు చల్లదనానికి వచ్చేదాకా ఆగుతాడు. లైటరు మంట నేరుగా పెట్టేవాడి దగ్గర నిలబడకండి, వేడికి పగులు పరుగెడుతుంది. ఎండలో రెజిన్ పోసేవాడూ అంతే, అది లోపలికి దిగకముందే గట్టిపడుతుంది. అయితే ఇంగ్లండులో ఆ ప్రమాదం ఏడాదిలో ఎన్ని రోజులుంటుందో మీకే తెలుస్తుంది.

ఆ తర్వాత సిరంజి వంటి పరికరాన్ని బిగించి ఒకసారి గాలి లాగి, మరొకసారి రెజిన్‌ను ఒత్తి, ఇలా మార్చి మార్చి చేయాలి. ఒక చుక్క వేసి వెంటనే దీపం పెడితే అది పైపూత మాత్రమే. పరికరాన్ని అతిగా బిగించినా పగులు సాగుతుంది. అంతా అయ్యాక అద్దాన్ని పక్కవాటుగా చూడండి: వెండి మెరుపు కనిపిస్తే గాలి మిగిలినట్టే. గోటితో రాసినప్పుడు గోరు ఎక్కడా తగులుకోకూడదు. లీలగా ఒక మచ్చ మాత్రం మిగులుతుంది. మచ్చే లేకుండా చేస్తానన్నవాడిని నమ్మకండి. అంచు దాకా పాకిన పగులుకు, లోపలి పలకకు తగిలిన దెబ్బకు అద్దం మార్చడమే దారి.

స్టీరింగుకు ఎదురుగా ఉండే 290 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలో దెబ్బ 10 మిల్లీమీటర్లు మించినా, వైపర్లు తుడిచే మిగతా భాగంలో 40 మిల్లీమీటర్లు మించినా, కారు రోడ్డు మీద తిరగడానికి తగినదేనా అని చూసే అక్కడి వార్షిక ఎంఓటీ పరీక్షలో అది తప్పుతుంది. బాబూ, స్కేలు పెట్టి కొలవడానికి కూడా బద్ధకమా?

దెబ్బ తగిలిన వెంటనే పొడిగుడ్డతో తుడిచి, దాని మీద పారదర్శకమైన టేపు అంటించి, వాన లేని చోట చేసే పనివాడు దొరికేదాకా కారు కడగకుండా ఉంచండి. చెప్పక తప్పదు కనుక చెబుతున్నాను: చిన్న దెబ్బకు అద్దం ఒళ్లో కూలిపోదు, నడుమనున్న ప్లాస్టిక్ పొర గాజును పట్టి ఉంచుతుంది. టెక్కలి గ్రానైటు లారీల వెనుక హైవే మీద తిరిగిన మన బండ్ల అద్దాల మీద ఇలాంటి మచ్చలు బోలెడు. మా మేనల్లుడి అద్దం కూడా ఈ రోజుకు నిలిచే ఉంది. వాడి వంటింట్లోని కెటిల్‌ను మాత్రం కారు దగ్గరికి తీసుకుపోవద్దని రెండుసార్లు ఫోను చేసి చెప్పాను.