కోసిన బ్రకోలీని 40 నిమిషాలు ముట్టుకోకండి

చాలా కాలం నేను బ్రకోలీని కుక్కర్‌లో పడేసి, మూడు విజిల్స్ వచ్చాక దింపి, ఒంటికి మంచిదని ముక్కు మూసుకుని తినేదాన్ని. బురద రంగు, గంధకం వాసన. ఒంటికి మేలు చేస్తుందనే సల్ఫోరఫేన్ అనే ఏ పదార్థం కోసం ఆ కష్టం పడ్డానో అది అందులో దాదాపుగా లేనేలేదని తర్వాత తెలిసింది.

బ్రకోలీలో సల్ఫోరఫేన్ ముందే తయారై ఉండదు. గ్లూకోరాఫనిన్ అనే ముడిసరుకు ఒకచోట, దాన్ని మార్చే మైరోసినేజ్ అనే ఎంజైమ్ ఇంకోచోట ఉంటాయి. కత్తి పడ్డప్పుడో, పళ్ల మధ్య నలిగినప్పుడో రెండూ కలుస్తాయి, అప్పుడు పుడుతుంది. కొరికిన పురుగుకి చురుక్కుమనిపించడానికి మొక్క చేసుకున్న ఏర్పాటు ఇది. ఆవాల ఘాటూ ఈ కుటుంబానిదే. ఎంజైమ్‌కి వేడి పడదు, నా మూడు విజిల్స్‌తో దాని పని అయిపోయింది.

ఇప్పుడు ఇలా చేస్తున్నాను. పువ్వు కడిగి, శనగగింజంత ముక్కలుగా తరుగుతాను. ముక్క ఎంత చిన్నదైతే అంత మంచిది. పళ్లెంలో పరిచి 40 నిమిషాలు వదిలేస్తాను. ఈలోగా కాడ తొక్క చెక్కి దాన్నీ తరిగేస్తాను (పారేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లుమండుతుంది). ఒకసారి తయారైన సల్ఫోరఫేన్ ఎంజైమ్ కన్నా వేడిని బాగా ఓర్చుకుంటుంది కాబట్టి, ఆ తర్వాత స్టవ్ వెలిగించవచ్చు. నీళ్లలో ఉడికిస్తే సారం నీళ్లపాలవుతుంది. నేను ఆవిరి మీద మూడు నిమిషాలే పెడతాను. రంగు ఇంకా మెరుస్తుండాలి, గోరు గుచ్చితే కాస్త ఎదురుతిరగాలి.

అంత ఓపిక లేని రోజున ఆవపొడి ఉంది. వండిన బ్రకోలీ కాస్త చల్లారాక పచ్చి ఆవపొడి చిటికెడు చల్లండి. ఆవాల్లోనూ మైరోసినేజ్ ఉంటుంది, ఇక్కడ పోయినదాని పని అది చేస్తుంది. నూనెలో చిటపటలాడించిన ఆవాలు మాత్రం పనికిరావు. ఫ్రోజెన్ బ్రకోలీకీ ఇదే ఉపాయం, ఎందుకంటే గడ్డకట్టించే ముందే దాన్ని వేడినీళ్లలో ముంచి తీస్తారు.

మూడు రోజుల బ్రకోలీ మొలకల్లో ఈ ముడిసరుకు ఎదిగిన బ్రకోలీలో కన్నా 10 నుంచి 100 రెట్లు ఎక్కువ అని జాన్స్ హాప్కిన్స్ శాస్త్రవేత్తలు 1997లో చూపించారు. కానీ మొలకల తడి, వెచ్చదనం బాక్టీరియాకీ ఇష్టమే. గర్భిణులు, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్లు పచ్చివి తినకూడదు.

ఇంతకీ లాభమేంటి? విషపదార్థాల్ని బయటికి పంపే మన సొంత ఎంజైమ్‌లని సల్ఫోరఫేన్ పురికొల్పుతుంది. చైనాలోని చీడాంగ్‌లో 291 మందితో చేసిన ప్రయోగంలో, 12 వారాలు మొలకల పానీయం తాగినవాళ్లు గాలి కాలుష్యంలో ఉండే బెంజీన్ అనే విషాన్ని మిగతావాళ్ల కన్నా 61 శాతం ఎక్కువగా విసర్జించారు. అంతమాత్రాన కేన్సర్ రాదని ఎవరూ నిరూపించలేదు. నేను దీన్ని మందనుకుని తినడం లేదు. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడేవాళ్లు ఉన్నట్టుండి బ్రకోలీ పెంచకండి, అందులోని విటమిన్ కె ఆ మందుకి అడ్డుపడుతుంది. ముందు డాక్టర్‌ని అడగండి.

సల్ఫోరఫేన్ కోసం మాత్రలు కొనేవాళ్లు లేబుల్ మీద మైరోసినేజ్ ఉందో లేదో చూడండి. ఒట్టి గ్లూకోరాఫనిన్ అయితే దాన్ని మార్చే బాధ్యత పేగుల్లోని బాక్టీరియా మీద పడుతుంది. అది ఒక్కొక్కరిలో ఒక్కోలా ఉంటుంది.