లేజర్‌తో కార్బన్ నానోట్యూబులు – 3వ పాఠం: పెరుగుదలను కాంతితో చదవడం

గత పాఠంలో కొలిమి సిద్ధం చేసుకున్నాం. క్వార్ట్జ్ గొట్టం మధ్యలో నికెల్, కోబాల్ట్ కొద్దిగా కలిపిన గ్రాఫైట్ టార్గెట్ (లేజర్ కొట్టే దిమ్మ), సుమారు 1200 డిగ్రీల సెల్సియస్ వేడి, నెమ్మదిగా పారే ఆర్గాన్, అవతలి కొసన నీటితో చల్లబరిచే రాగి కడ్డీ. 1996లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రవేత్త రిచర్డ్ స్మాలీ బృందం ఇలాంటి అమరికలోనే ఒంటిగోడ నానోట్యూబులను (ఒకే పొర కార్బన్ గోడ ఉన్న అతి సన్నని గొట్టాలను) కట్టలు కట్టలుగా తీసింది.

కడ్డీ మీద మసి పోగవడం చూసి సంతోషపడి ఆగిపోకండి. అందులో ట్యూబులెన్ని, వాటి వ్యాసమెంత, అవి ఎప్పుడు పుట్టాయి? వీటికి జవాబు చెప్పగలిగినప్పుడే పని చేతికి వచ్చినట్టు. ఆ జవాబులు కూడా లేజరే ఇస్తుంది.

ముందు మబ్బు సంగతి. లేజర్ పల్స్, అంటే రెప్పపాటు కన్నా చిన్న కాంతి దెబ్బ, తగలగానే టార్గెట్ మీంచి వేడి ఆవిరి ఎగుస్తుంది. అందులో రెండు కార్బన్ పరమాణువుల జంటలు ఆకుపచ్చగా, 516 నానోమీటర్ల దగ్గర గట్టిగా వెలుగుతాయి. ఆ సొంత వెలుగు త్వరగా ఆరిపోతుంది. కానీ వెలుగు ఆరినంత మాత్రాన జంటలు లేవని కాదు. రెండో లేజర్‌తో వాటిని తట్టి లేపితే మళ్లీ వెలుగుతాయి. మొదటి పల్సుకూ రెండోదానికీ మధ్య వ్యవధిని 100 మైక్రోసెకన్లు, 500, 1 మిల్లీసెకను, 2 మిల్లీసెకన్లు అని పెంచుకుంటూ పోండి. ప్రతి వ్యవధి దగ్గరా వెలుగు బలం రాసుకోండి. అదే పని కోబాల్ట్ పరమాణువుల తరంగదైర్ఘ్యం దగ్గరా చేయండి.

రెండు గీతలూ పక్కపక్కన పెడితే ఒక అందమైన విషయం కనిపిస్తుంది. కార్బన్ ముందే ముద్దకడుతుంది, లోహం తర్వాత. అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో ఈ పద్ధతితోనే దాన్ని గమనించారు. ట్యూబుల పెరుగుదల మాత్రం ఆ కొన్ని మిల్లీసెకన్లతో అయిపోదు. ఆ ముద్దలు కొలిమి వేడిలో ఉన్నంతసేపూ సాగుతుంది. అందుకే గ్యాస్ వేగం పెంచి వాటిని త్వరగా బయటికి నెట్టేస్తే పొట్టి ట్యూబులే మిగులుతాయి.

ఒక జాగ్రత్త. ఒకే చోట కొడుతూ ఉంటే టార్గెట్ మీద గుంట పడి, ప్రతి పల్సుకూ మబ్బు ఆకారం మారిపోతుంది. మొదట్లో నేను టార్గెట్ తిప్పకుండా రోజంతా కొలిచాను, ఆ గీతలన్నీ పక్కన పడేయాల్సి వచ్చింది. టార్గెట్‌ను తిప్పుతూ, చాలా పల్సుల సగటు తీసుకోండి.

ఇక మసిని చదవడం: రామన్ స్పెక్ట్రమ్, అంటే మసి మీద లేజర్ వేస్తే చెదిరి వచ్చే కాంతి రంగు ఎంత జరిగిందో చూపే గీత. సెంటీమీటరుకు 1590 దగ్గర జీ-బ్యాండ్, 1350 దగ్గర డీ-బ్యాండ్ వస్తాయి. డీ చిన్నగా, జీ పొడుగ్గా ఉంటే లోపాలూ చెత్త కార్బనూ తక్కువని అర్థం. నాకు ఇంకా ఇష్టమైన చోటు 100 నుంచి 300 మధ్య. ట్యూబు ఊపిరి పీల్చినట్టు ఉబ్బి తగ్గే కంపనం అక్కడ కనిపిస్తుంది. 248ని ఆ శిఖరం సంఖ్యతో భాగిస్తే వ్యాసం నానోమీటర్లలో వస్తుంది. శిఖరం 186 దగ్గర ఉంటే 1.33. కట్టలుగా ఉన్న ట్యూబులకైతే 186లోంచి 10 తీసేసి, 234ని 176తో భాగించడం ఒక అలవాటు; ఇక్కడ అలా చేసినా 1.33 చుట్టే వస్తుంది.

ఈ శిఖరాలను చూసి తొందరపడకండి. ఒక రంగు లేజర్‌కు దానితో శ్రుతి కలిసిన ట్యూబులే గట్టిగా పలుకుతాయి, మిగతావి దాదాపు కనబడవు. అందుకే రెండు మూడు రంగులతో చూడకుండా వ్యాసాల పంపిణీ ఇదీ అని రాయకూడదు. కొలిచే లేజరే మసిని వేడెక్కిస్తుంది కూడా. పవర్ పెంచినప్పుడు జీ-బ్యాండ్ కిందికి జరిగితే, అది కదలని స్థాయికి పవర్ తగ్గించి మళ్లీ కొలవండి.

కళ్లద్దాల గురించి మళ్లీ చెబుతున్నాను, విసుక్కోవద్దు. 532, 1064 నానోమీటర్ల లేజర్ కాంతులు రెండింటికీ సరిపోయేవి ఉండాలి. 1064 కంటికి కనబడదు, తగిలాకే తెలుస్తుంది. మసిని గాలిలోకి రేగనివ్వకండి.

అభ్యాసం: ఒక మసిలో శిఖరాలు 166, 200 దగ్గర వచ్చాయి. రెండు సూత్రాలతోనూ వ్యాసాలు కట్టి చూడండి. తర్వాత కొలిమి వేడి 100 డిగ్రీలు తగ్గించి తీసిన మసిని అదే రంగు లేజర్‌తో, అదే పవర్‌తో కొలిచి, శిఖరాలు ఎటు జరిగాయో గీసి ఉంచండి. 4వ పాఠం ఆ గీతతోనే మొదలవుతుంది.