డ్రెస్సింగ్ బిల్లులు వెనక్కొచ్చాయా? ముందు ఇవి చూడండి

బెంగళూరు మారతహళ్లిలో మా నాన్నకు వీపు మీద సెగగడ్డ కోయించాం. డే కేర్ అడ్మిషన్ (ఒక్క రోజులోపే ఇంటికి పంపేసేది), క్యాష్‌లెస్ కూడా సాఫీగానే అయింది. టెన్షన్ అంతా ఆ తర్వాతే. మూడు వారాలు రోజు విడిచి రోజు కట్టు మార్పించి, ఆ బిల్లులన్నీ ఇన్సూరెన్స్‌కి పంపితే "ఓపీడీ ఖర్చు" (అంటే అడ్మిట్ కాకుండా చూపించుకున్న ఖర్చు) అని తిప్పి పంపేశారు.

సమస్య: డ్రెస్సింగ్ క్లెయిమ్ తిరస్కరించారు.

కారణం: డిశ్చార్జ్ తర్వాత చాలా పాలసీలు 60 రోజులో 90 రోజులో ఖర్చు ఇస్తాయి, కానీ అది ఏ జబ్బుకు అడ్మిట్ అయ్యారో దానిదే అయి ఉండాలి. మా బిల్లుల మీద ఉత్త "ప్రొసీజర్ ఛార్జెస్" అని ఉంది, డిశ్చార్జ్ సమ్మరీలో డ్రెస్సింగ్ అన్న మాటే లేదు. ఇక వాళ్లకు ఎలా తెలుస్తుంది?

పరిష్కారం: ఏ గాయానికి, ఎన్ని రోజులకోసారి, ఎప్పటిదాకా కట్టు మార్చాలో సర్జన్‌తో లెటర్‌హెడ్ మీద రాయించి, సంతకం, సీలు వేయించి, ఐటమ్ వారీ బిల్లులతో కలిపి మళ్లీ పంపండి. మాకు అలాగే వచ్చింది. ఇంకా డిశ్చార్జ్ కాని వాళ్లయితే ఆ ఒక్క వాక్యం సమ్మరీలోనే రాయించుకోండి, ఇంత తిరుగుడు ఉండదు.

అసలు కోసిందే ఓపీలో అయితే మాత్రం అడ్మిషనే లేదు కాబట్టి ఆ తర్వాతి ఖర్చు కూడా రాదు, పాలసీలో ఓపీడీ కవర్ ఉంటే తప్ప. లేని అడ్మిషన్ ఉన్నట్టు రాయించమని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి వినకండి, పాలసీయే రద్దు కావచ్చు.

సమస్య: నర్సు కట్టు మార్చినా ప్రతిసారీ డాక్టర్ ఫీజు.

కారణం: కౌంటర్‌లో కొత్త ఓపీ విజిట్‌గా ఎంటర్ చేసేస్తారు. బిల్లు కొట్టకముందే "డ్రెస్సింగ్ మాత్రమే" అని చెప్పండి, ఆపరేషన్ ప్యాకేజీలో కుట్లు విప్పడం, కట్లు కలిసి ఉంటే ఆ కాగితం చూపించండి.

సమస్య: ఆపరేషన్ బిల్లులో గాజుగుడ్డ, దూది, టేపు డబ్బులు కోసేశారు.

ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ జాబితా ప్రకారం ఇవి ప్రొసీజర్ ఛార్జీలోనే కలిసిపోవాలి. అందుకే విడిగా ఎందుకు వేశారని ఆసుపత్రినే అడగండి.

లెటర్ ఇచ్చినా క్లెయిమ్ కదలకపోతే ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా బెంగళూరు జేపీ నగర్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (పాలసీదారుల ఫిర్యాదులు విని తేల్చే అధికారి) ఆఫీసు ఉంది. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు.